రాతివాలుపై ద్రాక్షతోట



నేలనుబట్టి పంట వేయవలెనని మన పెద్దలు చెప్పుదురు. జర్మనీ దేశమునందలి మోజెల్ నదీలోయ ఆ మాటకు చక్కని తార్కాణము. ద్రాక్షరసమును పులియబెట్టి వైన్ చేయుటకు ఆ లోయ పేరుగాంచినది. పానీయమును మెచ్చుట నా యుద్దేశము కాదు. పంట ఎట్లు నిలిచినదో చెప్పుటయే నా పని.

మన హైదరాబాదు 17 డిగ్రీల అక్షాంశమున ఉండగా మోజెల్ లోయ 50 డిగ్రీల ప్రాంతమున ఉన్నది. అచ్చట ఎండ ఏటవాలుగా పడును. అందుచే రైతులు దక్షిణాభిముఖములైన కొండవాలులను ఎన్నుకొనిరి. వాలుపై కిరణములు నిటారుగా తాకి ఎక్కువ వేడినిచ్చును. క్రింద పారు నది చలితీవ్రతను తగ్గించును.

అచ్చటి నేల చాలవరకు పలకరాయి. మార్కాపురమునుండి వచ్చి మన పిల్లల చేతికెక్కిన పలక ఈ జాతి రాయియే. అది పగలు ఎండను గ్రహించి రాత్రి మెల్లగా వేడిని విడుచును. వాననీరు నిలువదు, వేళ్లు రాతిపగుళ్లలో లోతుగా దిగును. అచ్చటి ముఖ్యమైన రకము రీస్లింగ్. అది చల్లదనమున నెమ్మదిగా పండుటచే తీపితోపాటు పులుపును నిలుపుకొనును.

ఇదంతయు ఊరక లభించినది కాదు. బ్రెమ్ గ్రామమువద్ద కాల్మోంట్ వాలు కొన్నిచోట్ల 65 డిగ్రీల వరకు నిటారుగా నున్నది. అచ్చట పని చేతితోనే సాగవలెను. వానకు జారిన మట్టిని, రాతిని పూర్వము వీపున మోసి పైకి చేర్చెడివారు. కూలి గిట్టక కొన్ని వాలులు బీడువడినవి. వాతావరణము వేడెక్కుటచే పంట పూర్వముకంటె ముందుగా పక్వమగుచున్నది. ఒకనాడు ఎండకై వెదకిన వాలులపైననే కొన్ని యేండ్లలో గుత్తులు ఎండకు మాడుచున్నవి.

మన దక్కనులోనో ద్రాక్షతీగెకు చలికాలపు నిద్ర లేదు. అందుచే ఏప్రిల్, అక్టోబరు నెలలలో రెండు మారులు కత్తిరింతురు: మొదటిది కొమ్మకు, రెండవది కాపునకు. తీగె యొక్కటే, సేద్యము వేరు. మోజెల్ పద్ధతిని ఇచ్చట యథాతథముగా అనుసరించినవాడు నష్టపోవును.

కావున సేద్యమును గూర్చిన పుస్తకము చేతికి వచ్చినపుడు, అది ఏ నేలను, ఏ ఎండను, ఏ నీటిని గూర్చి వ్రాసినదో ముందుగా చూడుడు. మన నేలను గూర్చిన పుస్తకమును మనమే వ్రాయవలెను. ఏ నాడు ఎంత వాన కురిసినది, ఏ చేనిలో ఏ పంట నిలిచినది, ఏది యెండినది, ఏటేట వ్రాసి ఈ బీరువాలో నుంచుడు. మరి పాతికయేండ్లకు మన బిడ్డలు దానిని తెరచి చదువుకొందురు.