లాభం ఉన్నా అప్పెందుకు మిగులుతోంది?

(రైతు సంఘం కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పంట ఇంటికొచ్చాక ‘ఎంత పెట్టాం, ఎంత వచ్చింది’ అని చూసుకోవడం మనకు అలవాటే. అది లాభనష్టాల లెక్క. డబ్బు ఏ నెలలో చేతిలోంచి పోయింది, ఏ నెలలో చేతికొచ్చింది అన్నది ఆ లెక్కలో కనిపించదు. అది చెప్పేది నగదు రాకపోకల పట్టిక. బ్యాంకువాళ్లు దాన్నే క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ అంటారు. రైతు మునిగేది ఎక్కువగా ఈ రెండు లెక్కల మధ్యనే.

నాలుగెకరాల్లో పత్తి వేసిన కౌలు రైతును తీసుకుందాం. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలు. మీ ఊరి రేట్లు పెట్టి మార్చుకోండి. కౌలు 60,000. దుక్కి, విత్తనాలు 20,000. ఎరువులు, పురుగుమందులు, కలుపు కూలి 65,000. తీత కూలి 32,000. మొత్తం పెట్టుబడి 1,77,000 రూపాయలు. పండింది 32 క్వింటాళ్లు. క్వింటాలు 7,000 చొప్పున 2,24,000 వచ్చింది. మిగులు 47,000. ‘పరవాలేదు, గట్టెక్కాడు’ అంటాం.

ఇదే లెక్క నెలలవారీగా వేద్దాం. జూన్ మొదట్లో చేతిలో 20,000 ఉంది. కౌలు ముందే కట్టాలి. ఇంటి ఖర్చు నెలకు 8,000.

జూన్: ఖర్చు 88,000. లోటు 68,000.
జూలై: ఖర్చు 33,000. లోటు 1,01,000.
ఆగస్టు: ఖర్చు 33,000. లోటు 1,34,000.
సెప్టెంబరు: ఖర్చు 23,000. లోటు 1,57,000.
అక్టోబరు: ఖర్చు 8,000. లోటు 1,65,000.
నవంబరు: రాబడి 70,000, ఖర్చు 18,000. లోటు 1,13,000.
డిసెంబరు: రాబడి 98,000, ఖర్చు 22,000. లోటు 37,000.
జనవరి: రాబడి 56,000, ఖర్చు 16,000. మిగులు 3,000.

లాభం 47,000 ఉన్న పంటకు చివర చేతిలో మిగిలింది 3,000. ఇంకా వడ్డీ వేయలేదు. ఏడు నెలలపాటు ఆ లోటును ఎవరో పూడ్చాలి కదా! నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెస్తే, బారువడ్డీగా చూసినా 15,500 అవుతుంది. రైతు 12,500 అప్పుతో మిగులుతాడు. అదే బ్యాంకు పంట రుణమైతే, గడువులోపు కట్టినవారికి పడేది ఏడాదికి 4 శాతం. వడ్డీ సుమారు 2,600తో పోతుంది. పొలం అదే, దిగుబడి అదే, ధర అదే. తేడా అంతా అప్పు ఎక్కడ దొరికిందన్నదే. డిసెంబరు సరుకు డబ్బు వ్యాపారి ఒక్క నెల ఆపితే, ఆ వడ్డీ వ్యాపారి దగ్గరి లెక్కకు మరో 1,960 కలుస్తుంది.

పట్టిక రాసేటప్పుడు కొన్ని గుర్తుంచుకోండి. చేతులు మారిన డబ్బే రాయాలి. ఇంట్లో నిల్వ ఉన్న పత్తి డబ్బు కాదు, అమ్మి సొమ్ము అందిన నెలలోనే అది రాబడి. ఉద్దెరకు తెచ్చిన ఎరువు బాకీ తీర్చిన నెలలో ఖర్చు కింద వస్తుంది. కానీ బాకీని పక్కన విడిగా రాసి పెట్టుకోకపోతే నవంబరులో కళ్లు తిరుగుతాయి. మన ఇంటిల్లిపాది చాకిరీ ఈ పట్టికలోకి రాదు. దాన్ని సాగు ఖర్చు లెక్కలో తప్పక కలపాలి.

పట్టికను మూడు భాగాలు చేయండి. సాగు రాకపోకలు ఒకటి. బోరు, మోటారు, పశువులు కొన్నవీ అమ్మినవీ రెండోది. అప్పు తెచ్చిందీ కట్టిందీ మూడోది. అప్పు చేతికి రావడం రాకడే గాని రాబడి కాదు. గేదెను అమ్మిన సొమ్మూ సాగు రాబడి కాదు. ఇవన్నీ ఒకే చోట కలిపితే మునుగుతున్న సేద్యం కూడా పచ్చగా కనిపిస్తుంది. పంట రుణంతో బోరు వేస్తే ఏం జరుగుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. బోరు ఖర్చు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది, పంట రుణం గడువు మాత్రం ఏడాదిలో వచ్చిపడుతుంది.

జూన్‌లోనే కాగితం మీద వచ్చే నెలల అంచనా రాసుకుంటే, లోటు ఎప్పుడు ఎంతకు చేరుతుందో ముందే తెలుస్తుంది. ఎంత అడగాలో, ఏ ఖర్చు వాయిదా వేయాలో నిర్ణయించుకోవచ్చు.

అయితే లెక్క రాసినంత మాత్రాన వడ్డీ తగ్గదు. పంటకు ఎకరాకు ఎంత రుణం ఇవ్వాలో ఏటా జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ నిర్ణయిస్తుంది. ఆ కమిటీ ముందు ‘ఖర్చులు పెరిగాయి’ అని ఒక్క మాట చెప్పడం వేరు, ఊరికి పాతిక పట్టికలు బల్ల మీద పెట్టడం వేరు. రుణం జూన్‌లోనే అందాలి, కౌలు రైతుకూ అందాలి, కొన్న సరుకుకు సొమ్ము వెంటనే చెల్లించాలి అనే మన డిమాండ్లకు ఈ కాగితమే సాక్ష్యం. కాబట్టి ప్రతి గ్రామ శాఖా ఈ సీజన్‌లో కౌలు రైతుల నుంచే మొదలుపెట్టి పట్టికలు రాయించాలని కోరుతున్నాను.