షెడ్డుకి సాఫ్ట్‌వేర్ అమ్మాలంటే

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుకి సాఫ్ట్‌వేర్ అమ్మాలనుకుంటున్నారా? అయితే ముందు ల్యాప్‌టాప్ తెరవకండి. ఓ పూట అక్కడే ఉండి పని చూడండి.

మేస్త్రీ చేతులకు గ్రీజు. చుట్టూ సుత్తి దెబ్బల మోత. ఆయన కీబోర్డు ముందు కూర్చోడు. కానీ ఫోన్‌లో ఫొటో తీస్తాడు, వాయిస్ మెసేజ్ పెడతాడు. మీ సాఫ్ట్‌వేర్ అక్కణ్నుంచే మొదలవ్వాలి.

ఏ బండికి ఎంత రేకు పట్టింది, ఎవరు ఎంత బాకీ... ఇవన్నీ ఓనరుగారి చిన్న పుస్తకంలో ఉంటాయి. దాన్ని చులకన చేయకండి. ఆ పుస్తకంతో తీరని ఇబ్బంది ఏమిటో అడగండి. అమ్మకం దొరికేది ఆ జవాబులోనే.

చేతిపనివాళ్లకు కంప్యూటర్ ఎక్కదంటారు కొందరు. ఆ మాట అన్యాయం. 2017 జులైలో జీఎస్టీ వచ్చింది. సరైన బిల్లు లేకపోతే కొన్న వ్యాపారికి పన్ను క్రెడిట్ రాదు. దాంతో ఎన్నో చిన్న దుకాణాలు కంప్యూటర్‌లో బిల్లు వేయడం నేర్చుకున్నాయి. అవసరం కనిపించింది, నేర్చుకున్నారు.

అందుకే మళ్లీ చెబుతున్నాను. ముందు పని చూడండి, తర్వాతే అమ్మండి. చూపించేటప్పుడు కూడా వాళ్ల షెడ్డులో ఉన్న బండి లెక్కే వేసి చూపించండి. అమ్మిన తర్వాత, ఫోన్ చేస్తే తెలుగులో బదులిచ్చే మనిషిని పెట్టండి.