లోటంతా మన బడిమీదేనా?



ఖజానాలో పైసల్లేవన్న మాట మనకు కొత్తగాదు. 1980లల్ల ఆంధ్రప్రదేశ్ సర్కారు స్పెషల్ టీచర్లని పేరుబెట్టి నెలకు 398 రూపాయలకు పాఠాలు చెప్పించింది. తర్వాత విద్యా వాలంటీర్లొచ్చిన్రు. ఎండాకాలం సెలవులొస్తే వాళ్ళకు జీతం బంద్. 2020లో కరోనాకు బళ్ళు మూసినంక తెలంగాణలో వాళ్ళని మళ్ళీ పిలవనే లేదు.

పేర్లు మారినయ్, పొదుపు చేసే చోటు మారలేదు. సర్కారు బడిలో ఎవరి పిల్లలున్నరు? మాలమాదిగ వాడల పిల్లలే గదా! దొరల పిల్లలు కాన్వెంటుకు పోయి ఎన్నేండ్లాయె. (అక్కడి పంతులమ్మ జీతం అడగొద్దు, అది వేరే కథ.)

జాతీయాదాయంలో 6 శాతం చదువుకియ్యాలని కొఠారి కమిషన్ 1966లోనే చెప్పింది. అది ఇయ్యకుండ, రేపు ఉద్యోగముంటదో లేదో తెల్వని మనిషిని మనసుపెట్టి చదువు చెప్పమంటే ఎట్ల?

పి.ఆర్.సి. అర్జీల్లో సంఘాలు తక్కువ జీతపోళ్ళ సంగతి ఆఖర్న రాస్తయ్. ఈసారి మొదటి డిమాండుగా రాయిద్దాం.