పందెం ఆగింది, పుంజు మారింది: విక్టోరియా కాలం నాటి గేమ్ బాంటమ్‌లు



ముందు స్క్రీన్ మీద ఉన్న ఈ పుంజుని చూడండి. కాళ్లు కొంగ కాళ్లలా ఉన్నాయి, మెడ సన్నగా పొడుగ్గా ఉంది, తోక మాత్రం పిసరంత. దీని బరువెంతో తెలుసా? 600 గ్రాములు, అంతే! కానీ పేరు మాత్రం ‘మోడర్న్ గేమ్ బాంటమ్’. ఇక్కడ గేమ్ అంటే ఆట కాదు, పందెం కోడి అని. మరి ఇది పందెంలో దిగితే ఒక్క నిమిషమైనా నిలబడుతుందా? నిలబడదు. అయినా ఆ పేరెందుకు వచ్చింది? ఈరోజు కథ అదే.

మన గోదావరి జిల్లాల్లో లాగే ఇంగ్లండ్‌లోనూ ఒకప్పుడు కోడిపందేలంటే పిచ్చి. 1835లో పార్లమెంటు చట్టం చేసి వాటిని ఆపింది, 1849లో దాన్ని ఇంకా బిగించింది. దొంగచాటుగా కొన్ని నడిచాయనుకోండి. కానీ తరతరాలుగా పుంజుల్ని పెంచుతున్న వాళ్ల చేతుల్లో కోళ్లు అలాగే ఉండిపోయాయి. వాటినేం చేయాలి?

సరిగ్గా అప్పుడే కోళ్ల ప్రదర్శనలు మొదలయ్యాయి. 1845లో లండన్ జూలో పెద్ద షో పెట్టారు. విక్టోరియా రాణికి కూడా కోళ్లంటే ఇష్టం. రైళ్లు రావడంతో బుట్టల్లో పెట్టి దూరపు ఊళ్లకీ పంపగలిగారు. 1865లో టెగెట్‌మయర్ సంపాదకత్వంలో ఒక పుస్తకం వచ్చింది. ఏ జాతి ఎలా ఉండాలి, ఏ లక్షణానికి ఎన్ని మార్కులు, అన్నీ అందులో రాసిపెట్టారు.

అసలు మలుపు ఇక్కడే ఉంది ఫ్రెండ్స్. బరిలో బలహీనమైన పుంజు ఓడిపోయేది. షోలో అలా కాదు, జడ్జి కంటికి నచ్చిందే గెలుస్తుంది. జడ్జీలకి పొడుగు నచ్చింది. దాంతో మలయ్ కోళ్ల రక్తం కలిపి మరీ కాళ్లూ మెడా సాగదీశారు. తర్వాత యార్క్‌షైర్‌లో ఎంట్విసిల్ లాంటి వాళ్లు ఆ రూపాన్నే బుల్లి సైజులోకి దించారు. ఆయన పుస్తకం ‘బాంటమ్స్’ 1894లో వచ్చింది.

సైజు తగ్గించడం ఎలా? ప్రతి తరంలో చిన్నవాటినే ఏరి జత కట్టించాలి. రంగూ రూపూ చెదరకుండా దగ్గరి రక్తంలోనే కలపాలి. దానికి మూల్యం కూడా ఉంది. సీబ్రైట్ అనే ఇంకో బాంటమ్ జాతిలో ఇలాగే చేస్తూ పోతే పిల్లల్ని కనే శక్తి బాగా పడిపోయిందని డార్విన్ 1868లో రాశాడు.

ఇంకో విషయం వింటే మనసు చివుక్కుమంటుంది. బరిలో ప్రత్యర్థి ముక్కుతో పట్టుకోకుండా పుంజు తల మీది ఎర్ర తురాయినీ, గొంతు కింద వేలాడే తోలునీ కత్తిరించేవాళ్లు. పందేలు పోయాయి, కానీ షో పుంజులకి కూడా ఆ కత్తిరింపు కొనసాగింది. ఎందుకు? పందెం పుంజు అంటే అలాగే కనిపించాలి కాబట్టి. అవసరం పోయింది, నొప్పి మాత్రం మిగిలింది.

పాత గట్టి పుంజే కావాలన్నవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల పట్టుదల వల్లే ‘ఓల్డ్ ఇంగ్లిష్ గేమ్’ ఇప్పటికీ మిగిలింది.

చట్టం వల్ల పుంజులు చావు నుంచి బయటపడ్డాయి, అది మంచిదే. కానీ ఆ తర్వాత వాటి ఒంటిని మలిచింది మన చప్పట్లు. ఈరోజు రీల్‌లో ముక్కు అణిగిపోయిన పగ్ కుక్కపిల్ల కనబడితే ‘సో క్యూట్’ అంటూ లైక్ కొడతాం కదా? అది ఊపిరి తీసుకోడానికి ఎంత కష్టపడుతుందో ఒక్కసారి ఆలోచించండి. మనం దేన్ని మెచ్చుకుంటే అదే పెరుగుతుంది.

మీరేమంటారో చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను!