బీడీ మానడం ఒక్కడి పని కాదు

(కడియంలో జరిగిన రైతులు, నర్సరీ కూలీల సమావేశంలో సంఘం కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



ఎరువుల ధరలు, కౌలు కార్డులు మాట్లాడుకునే చోట బీడీ గోల ఏమిటని మీరనుకోవచ్చు. నేను ఇరవై ఏళ్ళు బీడీ కాల్చినవాణ్ణి. మూడుసార్లు మానాను, మూడుసార్లూ మళ్ళీ పట్టాను. నాలుగోసారి నిలబడ్డాను. అప్పటికి నా పట్టుదల పెరిగిందనుకోకండి. నాతోపాటు మా గుంపులో మరో నలుగురు మానారు. అంతే తేడా.

మన నర్సరీల్లోనే చూడండి. కుర్రాడు పొద్దున్నుంచి సంచుల్లో మట్టి నింపుతాడు, మొక్కలు మోస్తాడు, లారీకి ఎత్తుతాడు. కాసేపు కూర్చుంటే "ఏరా, పని లేదా?" అంటాం. బీడీ వెలిగిస్తే మాత్రం ఏమీ అనం. అంటే కాల్చేవాడికే విశ్రాంతి, కాల్చనివాడికి లేదు. పదిహేడేళ్ళ పిల్లవాడికి బీడీ ఎవరు నేర్పారంటే, స్నేహితులొక్కరే కాదు, మనం కూడా.

ఇంకో మాట. మందు కొట్టిన చేతులతోనే బీడీ తీసి నోట్లో పెట్టుకుంటాం. చేతికంటిన పురుగుమందు నోటిదాకా పోతుంది. పొగ విషం ఒకటి, మందు విషం రెండు.

ఊళ్ళోవాళ్ళు కలిస్తే పొగ మాన్పించగలరా? దీనికి మన రాష్ట్రంలోనే దాఖలా ఉంది. శ్రీకాకుళం జిల్లాలో ఆడవాళ్ళు అడ్డపొగ తాగేవారు. చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని పీల్చడమన్నమాట. దానివల్ల అంగుడు కాలి, పుండ్లు పడి, క్యాన్సర్ వచ్చేది. 1970ల చివర్లో టాటా పరిశోధనా సంస్థవారు శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో పొగాకు వాడే సుమారు 36,000 మందిని ఎంచుకున్నారు. గ్రామాలకు వెళ్ళి నోరు పరీక్షించారు. మనిషి మనిషికీ నచ్చజెప్పారు. సినిమాలు చూపించారు, పోస్టర్లు పెట్టారు. అలా నచ్చజెప్పినచోట మానినవారూ, బాగా తగ్గించినవారూ ఎక్కువగా కనిపించారు. 1986లో ఆ ఫలితాలు లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. గుర్తుపెట్టుకోండి, వాళ్ళెవరూ పెద్ద చదువులు చదివినవారు కాదు. తరాలనాటి అలవాటు ఉన్న పల్లెటూరివాళ్ళు. తిట్టకుండా, మళ్ళీ మళ్ళీ వచ్చి చెప్పేవారుంటే వాళ్ళే మానారు.

"మరి పొగాకు రైతు సంగతేమిటి?" అని ఒక అన్న ఇందాక అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. గోదావరి లంకల పొగాకు చుట్టలకు పేరుపడ్డది. పొగాకు పరిశోధన కేంద్రం 1947లో మన రాజమండ్రిలోనే పెట్టారు. పొగాకు వేసిన రైతును దోషిగా నిలబెట్టడం మన పని కాదు. పొగాకు నియంత్రణపై ప్రపంచ దేశాలు చేసుకున్న ఒప్పందాన్ని భారతదేశం 2004లోనే ఆమోదించింది. రైతుకు గిట్టుబాటయ్యే వేరే బతుకుదారి చూపాలని ఆ ఒప్పందంలోనే ఉంది. ఆ మాట నిలబెట్టుకోమని ప్రభుత్వాన్ని అడుగుదాం. అంతదాకా మన ఊపిరితిత్తులు కాల్చుకుంటూ కూర్చోనక్కర్లేదు.

ఇప్పుడు మన చేతిలో ఉన్న పనులు చెబుతాను.

ఒకటి. నర్సరీ యజమానులు పూటకు పది నిమిషాలు అందరికీ విశ్రాంతి ఇవ్వాలి. కాల్చినా, కాల్చకపోయినా. ఈ ఒక్కటి చేస్తే సగం బీడీలు ఆరిపోతాయని నా నమ్మకం.

రెండు. కూలీకి టీతోపాటు బీడీ కట్ట కొనిచ్చే అలవాటు మానాలి. ఆ డబ్బుతో అరటిపండో, వేరుశనగ చిక్కీయో ఇవ్వండి.

మూడు. మానదలచినవారు ఒంటరిగా మానకండి. నలుగురైదుగురు కలిసి ఒకే రోజు మొదలుపెట్టండి. మొదటి మూడు రోజులూ గట్టిగా ఇబ్బంది పెడుతుంది. చిరాకు, నిద్రపట్టకపోవడం, తలనొప్పి. రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. కోరిక పుట్టినప్పుడు కొద్ది నిమిషాలు ఓర్చుకుంటే దాటిపోతుంది. ఆ నిమిషాల్లో పక్కన మనిషి ఉండాలి.

నాలుగు. జారిపోయినవాణ్ణి ఎగతాళి చేయకండి. "రేపు మళ్ళీ మొదలెడదాం" అనండి. ఇంట్లో ఆడవాళ్ళు కూడా దెప్పిపొడవకుండా ఇదే మాట అంటే చాలు.

ఐదు. నోట్లో తెల్లమచ్చ, మానని పుండు, రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే ఆశా కార్యకర్తకు చెప్పి ఆసుపత్రికి వెళ్ళండి. మానడానికి సలహా కావాలంటే 1800-112-356కి ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం నడిపే నంబరు, పైసా ఖర్చు లేదు.

మానిన ఏడాదికి గుండెజబ్బు ముప్పు, కాల్చేవారితో పోలిస్తే, దాదాపు సగానికి తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏ పంటకీ ఇంత రాబడి లేదు.

మొక్కను బతికించడం కడియానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. కొత్తగా నాటిన మొక్కకు ఊతకర్ర కడతాం, ఎండ తగలకుండా నీడ వేస్తాం, వేరు పట్టేదాకా కనిపెట్టుకుని ఉంటాం. బీడీ మానిన మనిషికీ అదే కావాలి. వచ్చే నెల సమావేశానికి ఎవరెవరు కలిసి మానుతున్నారో పేర్లు చెప్పండి. నా పేరు ఊతకర్రల జాబితాలో రాసుకోండి.