రక్తప్రసారము - ఒక చిన్న లెక్క



ఎదిగిన మనుష్యుని దేహమున సుమారు 5 లీటర్ల రక్తముండును. పిడికిలియంతటి గుండె, మనుష్యుడు విశ్రాంతిగా నున్నప్పుడు, నిమిషమునకు సుమారు 70 మారులు కొట్టుకొనుచు, ప్రతిమారును దాదాపు 70 మిల్లీలీటర్ల రక్తమును ధమనులలోనికి నెట్టును. అనగా, దేహములోని రక్తమెంతయో నిమిషమునకు గుండె నెట్టునదియు ఇంచుమించు అంతయే!

పూర్వము ఐరోపా వైద్యులు, రక్తము కాలేయమున నిత్యము క్రొత్తగా పుట్టి, కాలువనీరు మడిలో ఇంకినట్లు, అవయవములలో ఇంకిపోవునని తలచిరి. ఆంగ్ల వైద్యుడు విలియం హార్వే ఇట్టి లెక్కయే వేసెను. తినిన ఆహారమునుండి అంత రక్తము పుట్టుట అసంభవమనియు, వెడలిన రక్తమే సిరల వెంట గుండెకు మరలివచ్చుచున్నదనియు 1628లో ప్రకటించెను. ధమనులను సిరలతో కలుపు కేశనాళికలను 1661లో ఇటలీ దేశస్థుడు మాల్పీఘీ సూక్ష్మదర్శినితో చూచి వెల్లడించెను.

ఈ లెక్క పండితులకు మాత్రమే కాదు. కోతలకు పోవు ప్రతివారికిని అవసరము. కొడవలి వ్రేటుకు పెద్ద ధమని తెగినచో, గుండె కొట్టుకొనినప్పుడెల్ల రక్తము చిమ్మును. పసరు వెదకుచు జాగుచేసినచో కొలది నిమిషములలోనే ప్రాణము పోవచ్చును. కావున, తక్షణమే శుభ్రమైన గుడ్డను గాయముపై నుంచి, అరచేతితో గట్టిగా అదిమిపట్టవలెను. ఆగినదో లేదో యని మాటిమాటికి గుడ్డ నెత్తి చూడరాదు. పట్టు సడలింపకయే ఆసుపత్రికి చేర్చవలెను. మరలిరావలసిన రక్తము మట్టిపాలు కాకుండ ఆపునది, ఆ క్షణమున, ప్రక్కనున్నవాని అరచేయియే.