జ్ఞాపకములు తారుమాఱగుట యేల?



మఱపు అనగా జ్ఞాపకము చెఱగిపోవుటయే యని లోకుల తలంపు. అది కొంతవఱకే నిజము. పెక్కుమాఱులు జ్ఞాపకము చెఱగదు. దానిని బోలిన వేఱొకటి ముందుకు వచ్చి దానికి అడ్డుపడును.

అనకాపల్లి బెల్లపు బజారున ఏండ్ల తరబడి వర్తకము చేయువానిని, పది దినముల క్రిందట దిమ్మలు ఏ ధరకు పోయినవని అడిగినచో లెక్క చూడనిదే చెప్పలేడు. ఒకే బజారున, ఒకే సరకునకు, స్వల్పభేదముతో పలికిన ధరలు పెక్కులు అతని మనస్సున నుండుటయే దీనికి కారణము. అతడే తాను తొలిసారి సరకమ్మిన దినమును పూసగ్రుచ్చినట్లు చెప్పును. దానికి సాటి దినము లేదు గదా!

బడిపిల్లల సంగతియు నిట్టిదే. ఏడెనిమిదు లెంత యనగా బాలుడొకడు 54 అనును. అది ఆఱుతొమ్మిదుల ఫలము. అతడు 23 అనలేదు. ఎక్కములలోని సంఖ్యనే చెప్పినాడు. అతనికి చదువు రాక కాదు, వచ్చిన రెండింటిని వేఱుచేయుట రాక. అట్టివానిని మందమతి యనుట అన్యాయము, బెత్తము నెత్తుట అంతకన్న అన్యాయము.

పాశ్చాత్యులు దీనిని చిరకాలముగా పరిశోధించినారు. ఒక పాఠము నేర్చిన వెంటనే అట్టిదే మఱియొకటి నేర్చినచో మొదటిది చెడునని 1900లో జర్మనీలో ముల్లర్, పిల్జెకర్ అను పండితులు చూపిరి. 1924లో అమెరికాలో జెంకిన్స్, డాలెన్‌బాక్ అనువారు, చదివిన పిదప మేల్కొని పనులలో నున్నప్పటికంటె నిద్రించినప్పుడు ఎక్కువ నిలుచునని కనుగొనిరి. పాతది క్రొత్తదానిని చెఱచుటయు గలదు. పదముల పట్టిక నొక్కదానినే నేర్చినవారు మఱునాటికి నూటికి సుమారు 75 పాళ్లు చెప్పగా, అంతకుముందే పెక్కు పట్టికలు నేర్చినవారు 25 పాళ్లు మాత్రమే చెప్పగలిగిరని 1957లో అండర్‌వుడ్ వెల్లడించెను.

మెదడున దీనికి విరుగుడు లేకపోలేదు. చెవుల లోపలి వైపున, ఇరుప్రక్కల, సముద్రాశ్వమను చేపను బోలిన హిప్పోకాంపస్ అను భాగము గలదు. అందలి డెంటేట్ గైరస్‌లో కణములు లెక్కకు మిక్కిలి. కాని ఒక్కొక్క అనుభవమునకు కదలునవి కొన్నియే. అందుచేత ఇంచుమించు ఒకటిగానున్న రెండనుభవములు సైతము వేర్వేఱు కణసమూహములకు చెందును. వార్ధక్యమున ఈ నేర్పు కొంత సన్నగిల్లును. కావున పెద్దలు మనుమల పేళ్లు తాఱుమాఱుగా పిలిచినప్పుడు నవ్వరాదు.

ఇక మన అవధానుల నేర్పు పరికింపుడు. తిరుపతి వేంకటకవుల శతావధానములు తెలుగునాట ప్రసిద్ధములు. శతావధానమున నూర్గురు పృచ్ఛకులు. ఒక్కొక్కరికి విడతకొక పాదము చొప్పున చెప్పి, కడపట పద్యములన్నియు ధారణ చేయవలెను. అవి కలగాపులగము కాకుండుట ఎట్లు? వృత్తమునకు గణములు, నాలుగు పాదములకు ఒకే ప్రాస, పృచ్ఛకుని ప్రశ్న, అతడు కూర్చున్న చోటు, ఇవన్నియు పద్యమునకు గుర్తులు. ఒకదాని ప్రాస మఱియొకదానిలో ఇముడదు. మనకు నియమములని తోచునవే అవధానికి ఊతకఱ్ఱలు.

పాఠకులు దీనినుండి గ్రహింపదగినది గలదు. రంగనాథ, భాస్కర, మొల్ల రామాయణములను ఎడము లేక వరుసగా చదివినచో ఏ ఘట్టము ఎందున్నదో తెలియకుండును. ఒకటి ముగించి, పుస్తకము మూసి, కథను తమ మాటలలో చెప్పుకొని, ఒక రాత్రి నిద్రించి, పిమ్మట రెండవది తెఱువుడు. రెండును వచ్చిన పిదప ప్రక్కప్రక్కన బెట్టి భేదములు వ్రాసికొనుడు. పిల్లలకు ఎక్కములును ఇట్లే నేర్పుడు.

ఒకే పేరుగల పుస్తకములు రెండు వచ్చినప్పుడు గ్రంథాలయాధికారి ఒకదానిని పాఱవేయడు. వేఱు సంఖ్య వేసి వేఱుచోట నిలుపును. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము చేయుచున్న ఈ పనినే ప్రతి చదువరియు తన మనస్సున చేసికొనవలెను. శుభమస్తు.